పాప కక్కిన రక్తం ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయికి పాప పుట్టి ఆరు రోజులు. మూడు కిలోలుంది. నిన్నటి నుంచి పాలు కక్కితే ఎర్రటి చారలు కనిపిస్తున్నాయి, ఇవాళ విరేచనం నల్లగా అయింది. పాలు మాత్రం బాగానే తాగుతోంది. అమ్మాయికి చనుమొనలు పగిలి ఒకటే మంట. మా వియ్యపురాలు దిష్టి అంటుంది, వస అరగదీసి నాకించమంటుంది. టెన్షన్‌గా ఉంది.
– ఓ అమ్మమ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ఇది అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదు కాబట్టి మీకు ఫోన్లో అప్పుడే చెప్పాను, మిగతావాళ్ల కోసం మళ్లీ రాస్తున్నాను. వస వద్దు, ఆముదమూ వద్దు.

అసలు ఆ రక్తం ఎవరిదో ముందు తేలాలి. చనుమొనలు పగిలాయన్నారు కదా, అక్కడి రక్తమే పాలతో పాటు లోపలికెళ్లి పైకొస్తే చారలుగా, కిందికి దిగితే నలుపుగా కనపడొచ్చు. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల నల్లటి జిగట విరేచనం మామూలే గానీ ఆరో రోజు నలుపుని అలా వదిలేయకూడదు. ఆప్ట్ టెస్ట్ అని ఒకటుంది: కక్కిన రక్తాన్ని నీళ్లలో కలిపి తేర్చి, పైనున్న గులాబీ రంగు నీళ్లలో సోడియం హైడ్రాక్సైడ్ వేస్తారు. తల్లి రక్తమైతే రెండు నిమిషాల్లో పసుపు గోధుమ రంగుకి మారుతుంది, బిడ్డదైతే గులాబీగానే ఉంటుంది. ఎర్రటి రక్తంతోనే చేయాలి, నల్లబడ్డ విరేచనంతో ఫలితం తప్పొస్తుంది.

బిడ్డదే అని తేలితే మొదటి అనుమానం రక్తం గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె లోపం మీద. తల్లిపాలలో అది బాగా తక్కువ, అందుకే పుట్టగానే తొడకి 1 మిల్లీగ్రాము ఇంజెక్షన్ చేస్తారు. మీ పాపకి చేశారో లేదో డిశ్చార్జ్ కాగితంలో చూడండి. చేయకపోతే రెండో రోజు నుంచి ఏడో రోజు లోపు ఇలా రక్తం పడే ప్రమాదముంది, బొడ్డు దగ్గరా సూది గుచ్చిన చోటా కూడా కారొచ్చు. అప్పుడు విటమిన్ కె నరానికి ఎక్కిస్తారు, ఎక్కువగా పోతుంటే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కూడా. మూడు కిలోల బిడ్డ ఒంట్లో రక్తమంతా కలిపితే పావు లీటరే, కాబట్టి నాలుగు చెంచాలు పోయినా పెద్ద లెక్కే.

ఆకుపచ్చగా కక్కినా, పొట్ట ఉబ్బినా, పాలు మానేసినా, ఒళ్లు తెల్లబోయినా గంట కూడా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆకుపచ్చ వాంతికి పేగు మెలిక కారణం కావొచ్చు, అదైతే ఆపరేషనే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి పొట్ట ఉబ్బి విరేచనంలో రక్తం పడితే పేగు దెబ్బతింటోందేమో అని పాలు ఆపి ఎక్స్‌రే తీస్తారు.

చనుమొనలు పగిలాయని తల్లి పాలివ్వడం మానక్కర్లేదు, పాప నోట్లోకి చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా వెళ్లేలా పట్టిస్తే నొప్పి తగ్గుతుంది. ఇక పాప కక్కిన రక్తం మరకపడ్డ గుడ్డని ఉతకకండి, కవర్లో పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.