పంటి గాటు చిన్నదని వదిలేయకండి

ప్రశ్న: మా కుక్కకు మూడేళ్ళు. ఆదివారం ఉదయం ఎం.వి.పి. కాలనీలో నడకకు తీసుకువెళ్ళినప్పుడు ఒక వీధికుక్క దాని మెడ పట్టుకుని విదిలించింది. ఎలాగో విడిపించి ఇంటికి తెచ్చి చూస్తే రెండు చిన్న గాట్లే కనిపించాయి. పసుపు, కాఫీపొడి అద్దాము. మూడో రోజుకు మెడ వాచింది, తిండి మానేసింది. రేబిస్ టీకా నిరుడు వేయించాము. దాన్ని ఎత్తుకున్నప్పుడు నా చేతికి గీతలు పడ్డాయి. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఉత్తరం అందిన రోజే మీకు విడిగా కబురు పంపాము. ఈ పరిస్థితి ఇంకెందరికో ఎదురవుతుంది కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కుక్క మెడ మీద చర్మం వదులుగా ఉంటుంది. ఎదుటి కుక్క కోరలు దించి తల విదిలించినప్పుడు ఆ చర్మం కోరతో పాటే కదులుతుంది కానీ, కింది కండ కదలలేక చీలిపోతుంది. అందువల్ల పైన సెనగగింజంత రంధ్రమే కనబడుతున్నా, లోపల అరచేయంత మేర కండ చితికి, చర్మం దాని నుంచి విడిపోయి ఉండవచ్చు. ఆ ఖాళీలో చొంగ, మట్టి, వెంట్రుకలు మిగిలిపోతాయి. పై రంధ్రం త్వరగా మూసుకుపోతుంది కనుక చీముకు బయటికి దారి ఉండదు. మీరు చూస్తున్న వాపు బహుశా అదే. పసుపు, కాఫీపొడి నెత్తురును ఆపినట్టు కనిపించినా, రంధ్రం మీద పెచ్చుకట్టి ఆ మూతను గట్టిపరుస్తాయి. ప్రేమతో చేసిన పనే, కానీ ఇకపై చేయకండి.

వాపును పిండవద్దు, సూదితో పొడవవద్దు. మెడ బెల్టు తీసేసి ఈ రోజే పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి. ఊపిరి కష్టంగా తీస్తున్నా, మెడ చర్మాన్ని తాకితే కింద గాలి బుడగలు చిటపటలాడుతున్నట్టు అనిపించినా శ్వాసనాళం దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు ఒక్క గంట కూడా ఆగకూడదు. వైద్యులు వెంట్రుకలు గొరిగి, గాయాన్ని లోపలిదాకా కడిగి, చీము కారడానికి అవసరమైతే చిన్న గొట్టం అమరుస్తారు. ఇలాంటి గాయాన్ని కుట్టకుండా తెరిచి ఉంచితే నిర్లక్ష్యమని అనుకోవద్దు. లోపల చెడు మిగలకుండా మానాలంటే అదే సరైన పద్ధతి కావచ్చు. నొప్పికి మనం వాడే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు మాత్రం సొంతంగా వేయకండి. కుక్కలకు అవి విషంగా మారగలవు.

ఇక రేబిస్ సంగతి. టీకా ఉన్న కుక్కకు కూడా కాటు పడితే వెంటనే బూస్టర్ వేయించాలి. అసలు టీకా లేని కుక్కకు మొదలుపెట్టిన రోజును సున్నాగా లెక్కించి 3, 7, 14, 28 రోజుల్లో వేయడం మన దగ్గర వాడుక. కరిచిన కుక్క ఏమవుతుందో చూద్దామని ఆగడం సరికాదు, ఎందుకంటే లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు మందు లేదు. మీ విషయమూ అంతే. మీ చేతి గీతలు మీ కుక్క గోళ్ళవే కావచ్చు. కానీ దాని మెడ మీద వీధికుక్క చొంగ ఉంది. మూడు రోజులైనా సరే, వాటిని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, కింగ్ జార్జ్ ఆసుపత్రికో దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్ళి జరిగినది చెప్పండి.

మళ్ళీ ఇలా జరిగితే మొదటి పది నిమిషాలు ముఖ్యం. కుక్కల మధ్య చేయి పెట్టకుండా నీళ్ళు కుమ్మరించి విడదీయండి. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది కనుక మెత్తటి గుడ్డ పట్టీతో మూతి కట్టండి. అయితే ఆయాసపడుతున్నా, వాంతి చేసుకుంటున్నా, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతి అయినా కట్టకూడదు. నెత్తురు ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి, మధ్యమధ్య ఎత్తి చూడకుండా పది నిమిషాలు అదిమి పట్టండి. నెత్తురు ఆగిన చిన్న గాటును, చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి బీటాడిన్ రాయండి. పొట్ట చీలి పేగు బయటికి వస్తే లోపలికి నెట్టకుండా తడి గుడ్డ కప్పి, దుప్పటి మీద పడుకోబెట్టి తీసుకువెళ్ళాలి.

విశాఖ ఉక్కపోతలో తెరిచిన గాయం మీద ఈగలు వాలితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. వాటిని చంపాలని ఫినాయిల్, కిరోసిన్ పోసిన కుక్కలను చూసి బాధపడ్డాను. కండ కాలిపోతుంది, నాకితే విషం కూడా.

ప్రశ్న: మాది ఎండాడ. కంబాలకొండ వైపు నుంచి పెరట్లోకి పాములు వస్తుంటాయి. కుక్కను కాటేస్తే ఏం చేయాలి?
— మరో పాఠకుడు

జవాబు: కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, పైన చెప్పినట్టు ఎక్కువసేపు కడగడం, ఇవేవీ చేయకండి. నడిపించకుండా ఎత్తుకుని తీసుకువెళ్ళండి. రక్తపింజర కాటుకు వాపు త్వరగా వస్తుంది. కట్లపాము కాటుకు వాపు దాదాపు ఉండదు, కానీ కాళ్ళు తూలి ఊపిరి ఆగిపోవచ్చు. కాబట్టి వాపు లేదని ఊరుకోకూడదు. పామును పట్టడానికి, చంపడానికి సమయం పోగొట్టుకోవద్దు. బయలుదేరే ముందే ఆసుపత్రికి ఫోన్ చేసి, పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉందో లేదో కనుక్కోండి.