ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం వారికి నాడీమండలం పాఠం అర్థమయ్యేలా ఎలా చెప్పాలి?

ఫిజియాలజీ విభాగంలో కొత్తగా చేరిన ట్యూటర్ ఒకరు అడిగిన ప్రశ్న ఇది: గుండె, ఊపిరితిత్తుల పాఠాలను శ్రద్ధగా వినే విద్యార్థులు నాడీమండలం మొదలుకాగానే డీలా పడిపోతున్నారు, ట్రాక్టుల (మెదడు, వెన్నుపాముల్లో సంకేతాలు నడిచే నాడీ మార్గాల) పేర్లు బట్టీపట్టి పరీక్ష రాసి మరచిపోతున్నారు, ఏం చేయాలి? నల్గొండ ప్రాంతంలోని ఒక వైద్య కళాశాలలో ఏళ్లుగా ఈ పాఠమే చెబుతున్నాను కనుక, నాకు ఫలితమిచ్చిన పద్ధతిని వివరిస్తాను.

ఈ భయం మన విద్యార్థులకు మాత్రమే ఉన్నది కాదు. అమెరికా న్యూరాలజిస్టు రాల్ఫ్ జోజెఫోవిచ్ 1994లోనే దీనికి ‘న్యూరోఫోబియా’ అని పేరు పెట్టి, మొదట్లో చదివిన మూలశాస్త్రాన్ని రోగి దగ్గర అన్వయించుకోలేకపోవడమే దీనికి కారణమని చెప్పారు. నా అనుభవమూ అదే. అందువల్ల నేను ట్రాక్టు పేరుతో పాఠం మొదలుపెట్టను; రోగిలో కనిపించే లోపాన్ని ముందు పెట్టి, దెబ్బ ఎక్కడ తగిలి ఉంటుందని అడుగుతాను. పేరు ఆ తర్వాత వస్తుంది.

వెన్నుపాము పాఠాన్నే తీసుకోండి. ఛాతీ మట్టంలో వెన్నుపాము కుడి సగం తెగిన మనిషిని ఊహించుకోమంటాను. అతని కుడి కాలు చచ్చుబడుతుంది. కంపనం తెలియకపోవడం, బొటనవేలిని పైకి వంచారో కిందికి వంచారో కళ్లు మూసుకొని చెప్పలేకపోవడం కూడా ఆ కాలిలోనే. అయితే సూది నొప్పి, వేడి, చల్లదనం తెలియనిది మాత్రం ఎడమ కాలిలో. దెబ్బ ఒకవైపే తగిలితే లోపాలు రెండు వైపులా ఎందుకు వచ్చాయన్నదానిపై విద్యార్థులను కాసేపు తర్జనభర్జన పడనివ్వాలి, మనం తొందరపడి జవాబు చెప్పేయకూడదు. నొప్పి తెలిపే మార్గం వెన్నుపాములో ప్రవేశించిన ఒకటి రెండు ఖండాలలోనే అవతలి వైపుకు దాటుతుందని, కంపనం తెలిపే మార్గం అదే వైపున మెడుల్లా (మెదడు కాండం అడుగు భాగం) వరకు పోయి అక్కడ దాటుతుందని, కదలికకు ఆజ్ఞలు తెచ్చే మార్గం మెడుల్లాలోనే దాటి కిందికి వస్తుందని బల్ల మీద మూడు గీతలు గీసి చూపిస్తే, అప్పటిదాకా విడివిడిగా ఉన్న పేర్లకు పని దొరుకుతుంది. శరీరధర్మ శాస్త్రవేత్త బ్రౌన్-సెకార్డ్ 19వ శతాబ్దం మధ్యలో వర్ణించిన లక్షణాలు ఇవేనని చివర చెబితే సరిపోతుంది.

ఆ వెంటనే ట్యూనింగ్ ఫోర్కును (కొడితే కంపించే రెండు కొమ్ముల లోహపు పనిముట్టును) వారి చేతికే ఇవ్వాలి. వినికిడి పరీక్షలకు వాడే 512 హెర్ట్జ్‌ది ఇందుకు పనికిరాదు, 128 హెర్ట్జ్‌దే కావాలి. విద్యార్థులు దానిని మోగించి చీలమండ ఎముక మీద ఆనించి “తెలుస్తోందా?” అని అడుగుతారు, లోహం తాకిన సంగతి తెలుస్తుంది కనుక ఎదుటివారు అవునంటారు, పరీక్ష చెడిపోతుంది. మొదట రొమ్ము ఎముక మీద పెట్టి కంపనం అంటే ఏమిటో చూపించి, తర్వాత కళ్లు మూసుకోమని, అది ఎప్పుడు ఆగిందో చెప్పమని అడగడం నేర్పాలి. ఒకరి మీద ఒకరు ఇలా చేసుకున్నవారు ఆ మార్గాన్ని సులభంగా మరచిపోరు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక పాఠం ఫ్లోరోసిస్ (నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బు) రోగులలో ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రామును మించకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది; మర్రిగూడ వంటి మండలాల ప్రజలు అంతకంటే ఎంతో ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు దశాబ్దాల పాటు తాగారు. కృష్ణా నీరు వచ్చినా, పెద్దవారిలో అప్పటికే గట్టిపడిన వెన్నెముక స్నాయువులు తిరిగి మెత్తబడవు. మెడ దగ్గర వెన్నుపాము ఉండే ఎముకల నాళం ఇరుకై వెన్నుపాము నలిగిన రోగిలో చేతి కండరాలు సన్నబడి ఉంటాయి, కాళ్లు కట్టెల్లా బిగుసుకుపోతాయి, మోకాలి రిఫ్లెక్స్ ఎగిరిపడుతుంది, అరికాలు గీస్తే 1896లో బాబిన్‌స్కీ వర్ణించినట్లు బొటనవేలు పైకి లేస్తుంది. నలిగిన చోట నాడీమూలాలు, నాడీకణాలు దెబ్బతిన్నందువల్ల చేయి అలా అయిందని, ఆ కిందికి పోయే మార్గం దెబ్బతిన్నందువల్ల కాలు ఇలా అయిందని విద్యార్థి తనంతట తానే చెప్పగలిగితే, అప్పర్ (మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే), లోయర్ (వెన్నుపాము నుంచి కండరానికి పోయే) మోటార్ న్యూరాన్ల తేడా మీద ప్రత్యేకంగా మరో ఉపన్యాసం అక్కరలేదు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర సున్నం పేరుకొని కనిపించడాన్ని కూడా తప్పక చూపించండి.

సినాప్స్ (ఒక నాడి నుంచి మరో నాడికి లేదా కండరానికి సంకేతం దాటే చోటు) పాఠానికి పత్తి చేలలో వాడే పురుగుమందు సరిపోతుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందు సంకేతం తెచ్చే ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వదు కనుక రోగికి నోటి వెంట చొంగ కారుతుంది, కంటిపాపలు సూదిమొనంత అవుతాయి, కండరాలు అదురుతాయి. అట్రోపిన్ ఇస్తే చొంగ తగ్గుతుంది, కానీ ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య అదే రోగి దిండు మీది నుంచి తల ఎత్తలేని స్థితికి రావచ్చు. అట్రోపిన్ ఇక్కడ ఎందుకు పనిచేయలేదని అడగండి. అది గ్రంథుల దగ్గరి మస్కరినిక్ గ్రాహకాలనే అడ్డుకుంటుంది, కండరాల దగ్గరివి నికోటినిక్ గ్రాహకాలు. మస్కరినిక్, నికోటినిక్ గ్రాహకాల తేడా అప్పుడు ఒక మనిషి శ్వాసకు సంబంధించిన విషయమవుతుంది, ఎందుకంటే మెడ కండరాల తర్వాత ఊపిరి తీసుకునే కండరాలు కూడా నీరసించవచ్చు.

మెదడు లోపలి భాగాలైన బేసల్ గాంగ్లియా (కదలికలను సరిచేసేవి), లింబిక్ వ్యవస్థ (భావోద్వేగాలకు సంబంధించినది)లను మొదటి సంవత్సరంలో క్లుప్తంగా చెప్పి వదలడమే మేలని నా అభిప్రాయం. వెన్నుపాము, మెదడు కాండం బాగా వస్తే మిగతావి తర్వాత అందుకుంటారు. 2019 నుంచి అమలవుతున్న పాఠ్యప్రణాళికలో మొదటి ఏడాదిలోనే రోగులను చూపించడానికి గంటలు కేటాయించారు. జనరల్ మెడిసిన్ వారితో మాట్లాడి వాటిని వార్డులో వాడుకోండి. అయితే రోగిని అడిగి, ఆయన ఒప్పుకున్నాకనే విద్యార్థులను చిన్న బృందాలుగా తీసుకువెళ్లాలి, ఒకే మనిషిని అందరూ సూదితో గుచ్చి విసిగించకూడదు. ఇది కూడా మన పాఠంలో భాగమే.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారిని కారణాన్ని ముందు తెలుగులోనే చెప్పనివ్వండి, ఆంగ్ల పదాలను తర్వాత చేర్చుకుంటారు. విశ్వవిద్యాలయ పరీక్షలో ట్రాక్టును పటంతో వర్ణించమనే అడుగుతారు కదా అని మీకు సందేహం రావచ్చు. రోగి లక్షణాలను వివరించడానికి గీసిన పటమే అక్కడ జవాబుగా పనికొస్తుంది. కాబట్టి అంతర్గత పరీక్షలలోనూ, వైవాలోనూ ముందు రోగి లక్షణాలు చెప్పి దెబ్బ ఎక్కడో అడగండి, ఆ తర్వాతే పటం గీయమనండి.