చవుడు నేలను మోడల్ అనుకూలమని చూపుతుంటే

ఏ నేల ఏ పంటకు తగునో లెక్కగట్టి చూపే మీ మ్యాపులో చవుడు నేల కూడా మొక్కజొన్నకు బాగా అనుకూలమని వస్తోందంటే, లోపం డేటాలో కన్నా లెక్కగట్టే పద్ధతిలోనే ఉందని నా అభిప్రాయం. వెయిటెడ్ ఓవర్‌లే (ఒక్కో అంశపు మ్యాపుకు తూకం ఇచ్చి ఒకదానిపై ఒకటి పేర్చే పద్ధతి) అన్ని అంశాల మార్కులనూ కలిపి సగటు తీస్తుంది కాబట్టి, చదునైన నేల, చాలినంత వర్షపాతం, లోతైన మట్టి కలిసి ఉప్పు దోషాన్ని కప్పేస్తాయి. పైరు మాత్రం సగటు చూసుకొని పెరగదు. అందువల్ల లవణీయత, నీరు నిలవడం వంటి అంశాలకు ముందే హద్దులు పెట్టి, వాటిని దాటిన మ్యాపు గడులను తొలగించి, మిగిలిన వాటికే ఏహెచ్‌పీ (అంశాలను రెండేసి చొప్పున పోల్చి ప్రాధాన్యం తేల్చే పద్ధతి) తూకాలు వర్తింపజేయండి. (ఆ పోలికలు ఒకదానితో ఒకటి ఎంత పొసగడం లేదో చెప్పే కన్సిస్టెన్సీ నిష్పత్తి 0.1 మించితే వాటిని మళ్లీ సరిచూసుకోక తప్పదు.) హద్దులు మాత్రం పంటపంటకూ వేరుగా ఉండాలి: మట్టి నుంచి తీసిన నీటి విద్యుద్వాహకత (ఉప్పు ఎంతుందో తెలిపే కొలత) మీటరుకు 1.7 డెసీసీమెన్స్ దాటగానే మొక్కజొన్న దిగుబడి తగ్గడం మొదలవుతుంది, బార్లీ సుమారు 8 వరకు తట్టుకుంటుంది.