మీరు అడిగారు: పట్టాలు కనపడని స్టేషన్

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి పోలండ్‌లో వ్రోత్స్వాఫ్ వెళ్తున్నాడు. అక్కడి పెద్ద స్టేషన్ ఫొటోల్లో నారింజ రంగు కోటలా ఉంది. లోపల పెద్ద హాలుంది గానీ పట్టాల్లేవు. అది స్టేషనా, మ్యూజియమా? రైలెక్కడ ఎక్కాలి?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: స్టేషనేనండీ. అదీ పోలండ్‌లో బాగా రద్దీగా ఉండే వాటిలో ఒకటి. మీరు చూసిన హాల్లోకే ఒకప్పుడు రైళ్లు వచ్చి ఆగేవి. అప్పట్లో ఊరు జర్మన్ రాజ్యమైన ప్రష్యా ఏలుబడిలో ఉండేది, పేరు బ్రెస్లావ్. నేటి పోలండ్ నేల మీద మొదటి రైలు 1842లో ఈ ఊరి నుంచే ఓవావాకు నడిచింది. ఈ భవనాన్ని విల్‌హెల్మ్ గ్రాపో నమూనాతో 1855–57లో కట్టారు. రైళ్లు పెరిగి హాలు చాలక, 1899–1904 మధ్య పట్టాలను దక్షిణానికి జరిపి ఎత్తు కట్ట మీదికి ఎక్కించారు. పాత హాలు టికెట్లకూ జనానికీ మిగిలింది. 1945 తర్వాత ఊరు పోలండ్‌కు వచ్చింది. నారింజ రంగు 2010–12 మరమ్మతుల్లో వేశారు, యూరో ఫుట్‌బాల్ పోటీలకు ముందు.

కాబట్టి హాలు దాటి సొరంగ దారిలోకి వెళ్లి, అక్కణ్ణుంచి మెట్లెక్కితే రైలు. మనవాళ్లు తడబడేది ఆ మెట్ల దగ్గరే. సికింద్రాబాద్‌లో పదో నంబర్ ప్లాట్‌ఫాం అంటే ఒక్క అంచు, ఒక్క లైను. అక్కడ ‘పెరోన్’ అంటే మొత్తం ప్లాట్‌ఫాం, దానికి రెండు పక్కలా రెండు లైన్లు. లైను నంబరును ‘తోర్’ అంటారు. బోర్డు మీద రెండూ ఉంటాయి. పెరోన్ చూసి మెట్లెక్కాలి, తోర్ చూసి ఏ పక్క నిలబడాలో తేల్చుకోవాలి. తోర్ నంబరునే ప్లాట్‌ఫాం అనుకుంటే వేరే మెట్లెక్కేస్తారు, ఈలోపు రైలు వెళ్లిపోతుంది. గోడ మీది కాగితాల్లో పసుపుది బయల్దేరే రైళ్లది, తెల్లది వచ్చే రైళ్లది. తెల్లదాని ముందు నిలబడి వెతికితే ఎక్కాల్సిన రైలు దొరకదు.

టికెట్ మీద ‘గ్వూవ్నీ’ అని ఉందో లేదో చూసుకోమనండి. ప్రధాన స్టేషన్ అని అర్థం. ‘నదోద్జే’ అని ఉంటే అది అదే ఊళ్లో ఇంకో స్టేషన్, మనకు నాంపల్లి, కాచిగూడ వేరువేరైనట్టు. ఇంకోటి: ఒకే దారిలో పీకేపీ ఇంటర్‌సిటీ, పోల్‌రెజియో, కొలేయె దోల్నోశ్లోంస్కియె రైళ్లు నడుస్తాయి. ఒక సంస్థ టికెట్ మామూలుగా ఇంకోదాని రైల్లో చెల్లదు. ‘ఊరు అదే కదా’ అంటే టీసీ ఒప్పుకోడు. దూరపు బస్సులకు ఊరంతా తిరగనక్కర్లేదు, స్టేషన్ వెనక వ్రోత్స్లావియా మాల్ కిందే బస్టాండు.

ప్రశ్న: పోలండ్‌లో విద్యార్థులకు రైల్లో సగం చార్జీయేనటగా. దిగిన రోజు నుంచే ఇస్తారా?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: తగ్గింపు 51 శాతం, 26 ఏళ్లు నిండేదాకా. అయితే అక్కడి యూనివర్సిటీ ఇచ్చే ‘లెగిటిమాత్స్యా’ అనే విద్యార్థి గుర్తింపు కార్డు చూపించాలి. పాస్‌పోర్టూ, అడ్మిషన్ లెటరూ దానికి బదులు కావు. కార్డు చేతికొచ్చేదాకా పూర్తి చార్జీ టికెట్టే కొనండి.