కోట గుమ్మం నుంచే వెనక్కి తిప్పిన టూరు: డబ్బు ఎవరు తిరిగి ఇవ్వాలి?

ప్రశ్న: మాది తిరుపతి. గత ఏడాది జులైలో నేను, మావారు, మా అత్తయ్యగారు, మావయ్యగారు కలిసి చెన్నై నుంచి శ్రీలంకకు వెళ్ళే విహార నౌకలో ప్రయాణించాం. టికెట్లు మా ఊళ్ళోని ఒక ట్రావెల్ ఆఫీసులో తీసుకున్నాం. ఓడ చార్జీ 1,72,000 రూపాయలు. ట్రింకోమలీ రేవులో దిగి పాత కోట, కోణేశ్వరస్వామి ఆలయం చూపించే టూరుకు తలకు 4,500 చొప్పున మరో 18,000 విడిగా చెల్లించాం. ఓడ మూడు గంటలు ఆలస్యంగా రేవు చేరింది. బస్సు మమ్మల్ని ముందు ఒక దుకాణానికి తీసుకువెళ్ళి గంటసేపు ఆపింది. తర్వాత కోట గుమ్మం దగ్గర పది నిమిషాలు దింపి, సమయం లేదంటూ తిరిగి ఓడకు చేర్చింది. డబ్బు అడిగితే, ఓడ ఆలస్యానికి తమ బాధ్యత లేదని, ఏ వివాదమైనా ముంబయి కోర్టులోనే తేల్చుకోవాలని టికెట్ షరతుల్లో ఉందని ట్రావెల్ ఆఫీసు వారు అంటున్నారు. మేము ఏమి చేయవచ్చు?

జవాబు: మీరు పంపిన కాగితాలు చదివాను. ఇక్కడ ఉన్నవి రెండు ఒప్పందాలు. ఓడలో తీసుకువెళ్ళి తిరిగి తీసుకువస్తామన్నది ఒకటి, రేవులో దిగాక ఫలానా చోట్లు చూపిస్తామన్నది మరొకటి. మొదటి దానికి ఓడ సంస్థ పేరుతో టికెట్ ఉంది. రెండో దానికి మీ చేతిలో ఉన్నది ట్రావెల్ ఆఫీసు వారి సొంత రసీదు మాత్రమే. అందులో ఓడ సంస్థ పేరు గానీ, శ్రీలంకలో బస్సు నడిపినవారి పేరు గానీ లేదు. ట్రావెల్ ఆఫీసు వారు మీకు చూపుతున్న షరతులు మొదటి ఒప్పందానివి. వాటిని రెండో ఒప్పందానికి వర్తింపజేయాలంటే, డబ్బు తీసుకునే ముందే మీకు తెలియజేశామని వారు రుజువు చేసుకోవాలి.

మేము ఏజెంట్లం మాత్రమేనన్న వాదన వారి వైపు నుంచి తప్పక వస్తుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 230వ సెక్షన్ ప్రకారం, యజమాని (అంటే ఏజెంటు ఎవరి కోసం పనిచేస్తున్నాడో వారు) తరఫున ఒప్పందం చేసిన ఏజెంటు సాధారణంగా వ్యక్తిగతంగా బాధ్యుడు కాడు. అయితే యజమాని ఎవరో వెల్లడించకుండా ఒప్పందం చేసిన ఏజెంటు తానే కట్టుబడినట్లు భావించాలని అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి మీ రసీదు మీద మరొకరి పేరు లేకపోవడం మీకు లోటు కాదు, బలం.

ఇక ఆలస్యం సంగతి. వాతావరణం వల్లనో, రేవు అధికారుల అనుమతి వల్లనో ఓడ ఆలస్యమైతే, లేదా కెప్టెన్ భద్రత దృష్ట్యా ఒక రేవును పూర్తిగా వదిలేస్తే, దాన్ని సేవాలోపం అనడం కష్టం. ఆ ఫిర్యాదులు గెలిపిస్తామని చెప్పేవారిని నమ్మకండి. కానీ ఆలస్యానికి నష్టపరిహారం అడగడం వేరు, జరగని టూరుకు తీసుకున్న డబ్బు వెనక్కి అడగడం వేరు. ఒప్పందం నెరవేర్చడం నిజంగానే అసాధ్యమై అది చెల్లకుండా పోయినా, దాని కింద పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలని ఒప్పందాల చట్టం 65వ సెక్షన్ శాసిస్తోంది. అంటే వారి వాదనను యథాతథంగా ఒప్పుకున్నా ఆ 18,000 రూపాయలను వారి దగ్గర ఉంచుకునే హక్కు వారికి రాదు. పైగా అది ఒప్పుకోవలసిన అవసరం కూడా మీకు లేదు, ఎందుకంటే సమయం లేదన్నవారికి దుకాణం దగ్గర ఆగడానికి గంట సమయం ఎలా దొరికింది? మీ ఉత్తరం మొత్తంలో అతి విలువైన వాక్యం అదే.

కోటను బయటి నుంచి చూపించాం కదా, సగం సేవ అందినట్లే కదా అన్న వాదన కూడా రావచ్చు. దీనికి జవాబు ఆ కోట చరిత్రలోనే ఉంది. పోర్చుగీసువారు 17వ శతాబ్దం తొలినాళ్ళలో కొండ మీది కోణేశ్వర ఆలయాన్ని కూల్చి, ఆ రాళ్ళనే వాడి 1624లో అక్కడ కోట కట్టారు. 1639లో డచ్చివారు దాన్ని పట్టుకున్నారు; మన పక్కనున్న మద్రాసులో ఇంగ్లీషు కంపెనీ వారు కాలు మోపడానికి అనుమతి పొందిన సంవత్సరమూ అదే. 1795లో కోట బ్రిటిషువారి వశమైంది, ఆ తర్వాత ఫ్రెడరిక్ కోట అన్న పేరు వచ్చింది. ఇప్పటి కోణేశ్వర ఆలయం కోట గుమ్మం దాటి లోపలికి వెళ్తే, కొండ కొనన ఉంది. కాబట్టి గుమ్మం దగ్గర ఆపేస్తే పోయింది సగం కాదు. కోటా పోయింది, స్వామి దర్శనమూ పోయింది. మీకు వాట్సాప్‌లో పంపిన కరపత్రంలో ‘కోట లోపల గంటన్నర, కోణేశ్వర దర్శనం’ అని స్పష్టంగా ఉంది కనుక, ఒప్పందపు ముఖ్య ప్రయోజనమే నెరవేరలేదని మీరు ధైర్యంగా వాదించవచ్చు.

ముంబయికి వెళ్ళవలసిన పని లేదు. 2020 జులై 20 నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్, ఫిర్యాది నివసించే చోటనే ఫిర్యాదు చేసుకునే వీలు కల్పించింది; పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. ఈ చట్టపు పరిహారాలు ఇతర చట్టాలకు అదనమని 100వ సెక్షన్ చెబుతోంది, కనుక టికెట్ మీది ముంబయి షరతు మీకు అడ్డు కాదు. మీరు తిరుపతిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్ళవచ్చు. సేవకు చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించకపోతే విచారణాధికారం జిల్లా కమిషన్‌దే, 5 లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము కూడా ఉండదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను: ముంబయి కోర్టు షరతు ‘అన్యాయమైన ఒప్పందం’ కనుక కొట్టివేయాలని ఫిర్యాదులో కోరవద్దు. ఆ కోరికను విచారించే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఉంది; అలా రాస్తే ఎదుటి పక్షం అధికార పరిధి మీదే ఏడాది గడిపేస్తుంది. సేవాలోపం అని, లోపమున్న సేవకు సొమ్ము తిరిగి ఇవ్వకపోవడం ఇదే చట్టం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార విధానం అని రాస్తే చాలు. బిల్లులో వేరే గడువు లేకపోతే 30 రోజుల్లో సొమ్ము తిరిగి ఇవ్వాలన్నది ఆ నిబంధనలోని మాట.

ఘటన జరిగిన రెండేళ్ళలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి, అంటే మీకు వచ్చే ఏడాది జులై వరకు గడువు ఉంది. ముందుగా నోటీసు పంపాలన్న నిర్బంధం చట్టంలో లేకపోయినా, 15 రోజుల గడువుతో ట్రావెల్ ఆఫీసుకు, ఓడ సంస్థకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చాలా వివాదాలు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక అయిన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఎదుటి పక్షం 30 రోజుల్లో, కమిషన్ అదనంగా గడువు ఇస్తే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటితే కమిషన్ గడువు పొడిగించలేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. శ్రీలంకలో బస్సు నడిపినవారిని కక్షిదారుగా చేర్చకండి. విదేశానికి నోటీసు అందించడంలోనే కాలం గడిచిపోతుంది, వారికి మీరు నేరుగా రూపాయి కూడా ఇవ్వలేదు.

ఎంత అడగాలి అన్నారు. ఓడ చార్జీ 1,72,000 కూడా కలిపి అడగమని మీ బంధువు చెప్పారని రాశారు, అది వద్దు. ఓడలో ఉన్నారు, తిన్నారు, తిరిగి వచ్చారు. దాన్ని అడిగితే న్యాయమైన 18,000 మీద కూడా అనుమానం పడుతుంది. ఆ 18,000, దాని మీద వడ్డీ, 70 ఏళ్ళు దాటిన పెద్దవారు పడ్డ మనస్తాపానికి సమంజసమైన మొత్తం, ఖర్చులు అడగండి.

విచారణ ప్రధానంగా ప్రమాణ పత్రాలు, కాగితాల మీదనే సాగుతుంది. వాట్సాప్ సందేశాలను ముద్రించి, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వవలసిన ధ్రువపత్రం జతచేయండి, ఫోను మాత్రం మార్చకండి. అదే బస్సులో వచ్చిన చిత్తూరు దంపతులు ప్రమాణ పత్రం ఇస్తామంటే తీసుకోండి. మీ అత్తయ్యగారు ఆ దుకాణంలో టీ పొడి కొన్నారని రాశారు. ఆ బిల్లు ఇంకా ఇంట్లో ఉంటే వెతికి తీయండి: దాని మీద కొన్న సమయం ముద్రించి ఉంటే, బస్సు అక్కడ ఎప్పుడు ఆగిందో వేరే సాక్షి చెప్పనక్కరలేదు.