కళ్ల ముందు మెరుపు గీతలు, ఆపైన తలనొప్పి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 31. అమలాపురం దగ్గర పల్లె మాది. కాలువ గట్టు మీదుగా స్కూటీపై బడికి వెళ్లి పాఠాలు చెబుతుంటాను. నెలకు రెండు మూడుసార్లు చూపు మధ్యలో చిన్న మెరుపు మొదలై, వంకరటింకర గీతలుగా పక్కకు పాకుతుంది; అది ఉన్నచోట అక్షరాలు కనిపించవు. అరగంటకు అది పోయాక ఒక కణతలో పోటు, వాంతులు మొదలవుతాయి. కళ్లలో లోపం లేదని పరీక్షలో తేలింది. పక్షవాతమేమోనని మా అత్తగారి భయం. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు వాడుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: మీరు చివర్లో ముక్తసరిగా చెప్పిన మాత్రల సంగతే నాకు అన్నింటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. మీ లక్షణాలు ఆరాతో, అంటే నొప్పికి ముందు కనిపించే ఇలాంటి మెరుపు గీతలతో, కూడిన మైగ్రేన్‌కు, అంటే పార్శ్వపు నొప్పికి, సరిపోతున్నాయి. ఈ రకం మైగ్రేన్ ఉన్నవారిలో మెదడు రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చే ముప్పు మామూలు వారికంటే ఎక్కువ. మీ వయసులో అది చాలా అరుదే అయినా, మాలా-ఎన్‌లో ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ దానిని ఇంకా పెంచుతుంది. అందుకే ఆరా ఉన్నవారు ఏ వయసులోనూ ఇలాంటి మాత్రలు వాడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ వారమే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఈస్ట్రోజెన్ లేని కాపర్-టి గాని, ఛాయ మాత్రలు గాని అడగండి.

మీ అత్తగారికి ఈ మాట చెప్పండి. ఆరా పక్షవాతం కాదు. మెదడు వెనుక భాగంలో, చూపును గ్రహించే పొరపై, ఒక విద్యుత్ అలజడి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతుంది. గీతలు మెల్లగా జరిగేది అందువల్లే, కంటి పరీక్షలో ఏమీ తేలకపోవడమూ అందువల్లే. పక్షవాతం చాలావరకు ఒక్కసారిగా వస్తుంది. చేయి, కాలు చచ్చుబడినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, చూపు హఠాత్తుగా చీకటైనా, గీతలు గంట దాటినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గీతలు మొదలైన వెంటనే స్కూటీ ఆపేయండి. మన గట్టు రోడ్లకు చాలాచోట్ల పిట్టగోడ కూడా ఉండదు కనుక, చూపు పూర్తిగా తేరుకునేదాకా బండి ఎక్కవద్దు. ఆరాను ఆపగలదని నమ్మకంగా చెప్పదగిన మందు లేదు. మందులు ఆ తరువాతి నొప్పి కోసమే. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు లేకపోతే నెప్రాక్సెన్ అనే నొప్పి మాత్ర, దానితో వాంతుల మాత్ర డాక్టరు సలహాపై వేసుకోవచ్చు. సుమట్రిప్టాన్ వంటి మైగ్రేన్ మాత్రలు రాసిస్తే గీతలప్పుడు కాక, నొప్పి మొదలవగానే వేసుకోవాలి. నొప్పి మాత్రలు నెలలో పది రోజులు మించితే వాటివల్లే తలనొప్పి పెరగవచ్చు.

నిద్ర తగ్గడం, ఎండ, చేపల చెరువుల మీద నుంచి కొట్టే తళుకు కొందరిలో నొప్పిని రేపుతాయి. ఖాళీ కడుపు కూడా అంతే. కార్తిక సోమవారాలు ఉపవాసం ఉండే అలవాటుంటే మానమని అనను గాని, పాలు, పండ్లు, నీళ్లు తీసుకుంటూ చేయండి. ఇంత తరచుగా వస్తున్నందున న్యూరాలజిస్టును కలవడం మంచిది. రోజూ వేసుకునే నివారణ మందులున్నాయి. వాటి ఫలితం తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వాటిలో ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉంటే పనికిరాదు. టోపిరమేట్ గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. కనుక ఉబ్బసం సంగతి, పిల్లల విషయంలో మీ ఆలోచన డాక్టరుకు ముందే చెప్పండి.