ఒక దేశం పొగ మరో దేశంలో చేపలను చంపగలదా?

చంపగలదు. స్వీడన్, నార్వేలలో అదే జరిగింది. బొగ్గు కాల్చితే వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో వందల కిలోమీటర్లు ప్రయాణించి, తేమతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లమై వానతో దిగుతుంది. ఇదే ఆమ్ల వర్షం. 1952 నాటి లండన్ విషపు పొగమంచు తర్వాత బ్రిటన్ విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలను బాగా ఎత్తుగా కట్టింది. ఊళ్లో గాలి తేటపడింది, పొగ మాత్రం గాలివాటున ఉత్తర సముద్రం దాటింది. మన చెత్తను పక్కింటి వాకిట్లోకి ఊడ్చడమే కదా! స్వీడన్, నార్వేలున్న స్కాండినేవియాలో చాలాచోట్ల నేల అడుగున గ్రానైట్. ఆమ్లాన్ని విరిచే సున్నం తక్కువ. మట్టిలోని అల్యూమినియం కరిగి సరస్సుల్లో చేరి చేపల మొప్పలను దెబ్బతీసింది. చేపలు పోయిన సరస్సులో నీళ్లు మాత్రం మునుపటికన్నా తేటగా కనిపించేవి.

1967లో స్వీడన్ మృత్తికా శాస్త్రవేత్త స్వాంటే ఓడెన్ ఈ సంగతిని ఒక దినపత్రికలో బయటపెట్టాక జనంలో కదలిక వచ్చింది. 1972లో పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి స్టాక్‌హోమ్ సదస్సు, 1979లో సరిహద్దులు దాటే గాలి కాలుష్యంపై జెనీవా ఒప్పందం జరిగాయి. పొగ తగ్గించేందుకు పశ్చిమ జర్మనీ మొదట ఒప్పుకోక మొండికేసింది. తన అడవులే ఎండిపోతున్నాయన్న భయం పుట్టాక 1982లో దారికొచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు అదే. 1985 హెల్సింకి ఒప్పందం సల్ఫర్‌ను 30 శాతం తగ్గించమంది. దానిపై బ్రిటన్ సంతకం పెట్టలేదు.